పెరటి మందుమొక్కల ఇల్లు: ఎండలోను, ఉక్కలోను చల్లగా ఉంచుకొనే విధానం

గృహవైద్యమును నమ్ముకొన్న కుటుంబానికి పెరడే మొదటి ఔషధశాల. దగ్గు వచ్చిన పసివానికి వామాకు, అజీర్తికి అల్లం, భోజనానంతరం తమలపాకు, జ్ఞాపకశక్తికని పెద్దలు చెప్పే సరస్వతి ఆకు మా ఇంట పెరటిలోనే కోసుకొనే అలవాటు ఉన్నది. మంగళగిరి వంటి ఊరిలో ఈ అలవాటును ఏడాదిలో పది మాసాలపాటు ఏ ప్రయాసా లేకుండా సాగించవచ్చును. చిక్కంతా వైశాఖ, జ్యేష్ఠ మాసాలలోనే. వెనుక కొండ, చుట్టూ మిరప, పత్తి కోసిన తరువాత బోడిగా మిగిలిన నల్లరేగడి చేలు, నడుమ మా ఊరు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునన్న సామెత ఇక్కడివారికి అతిశయోక్తిగా వినిపించదు.

మొక్కలను కాపాడుకొందామని పెరటిలో గ్రీన్‌హౌస్ కట్టుకొనే గృహస్థులు ఇటీవల పెరుగుతున్నారు. నేనూ కట్టుకొన్నాను. దానివలన మొక్కలు పోగొట్టుకొన్నాను, ఇంటి మనిషికి ప్రమాదం కూడా తెచ్చుకొన్నాను. అందువలన ఈ పాఠాన్ని నా పొరపాటుతోనే ప్రారంభించుచున్నాను.

నాలుగేళ్ళ క్రితం కార్తీక మాసంలో పెరటి పడమటి మూల 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తున ఇనుపగొట్టాల చట్రం నిలిపించి, దానిపై పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పించాను. ఒక్కటే తలుపు. కట్టిన మేస్త్రీ ‘లోపలి తేమ బయటికి పోదండీ, రెండు రోజులకొకసారి నీళ్ళు పోస్తే చాలు’ అని చెప్పినప్పుడు అది గుణమనే అనుకొన్నాను. మాఘమాసం వరకు ఆ ఇంటి వైభవం చూడవలసినదే. తమలపాకు అరచేయంత పెరిగినది. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి మెచ్చుకొన్నారు.

చైత్రంలో ఆకుల అంచులు మాడసాగినవి. నేను ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం గొట్టంతో లోపలంతా నీరు చల్లడం ఆరంభించాను. కొన్ని రోజులు తేరుకొన్నట్లే కనిపించినవి. వైశాఖం చివర తమలపాకు తీగ మొదలు నల్లబడి కుళ్ళినది. అల్లం మడి పసుపురంగుకు తిరిగినది. నీరు చాలలేదేమోనని మరింత చల్లాను!

ఆ జ్యేష్ఠమాసంలో ఒకనాడు ఆకాశం మబ్బుగా ఉన్నది, గాలి ఆడుటలేదు. ఉదయం పదకొండు గంటలవేళ మనుమనికి దగ్గని, వామాకు కోసుకొని వచ్చుటకు మా శ్రీమతి లోపలికి వెళ్ళినది. అంతకు అరగంట ముందే నేను నీరు చల్లి వచ్చాను. ఎంతకూ రాకపోయేసరికి వెళ్ళి చూస్తే కుండీల మధ్య కూలబడి ఉన్నది. ఒళ్ళంతా చెమట, కళ్ళు తిరుగుట, డోకు. లోపల వ్రేలాడదీసిన ఉష్ణమాపకం 47 డిగ్రీలు చూపుచున్నది. బయట ఆనాడు 38 డిగ్రీలు మాత్రమే.

ఆమెను వరండాలోకి చేర్చిన తరువాత నేను చేసిన మొదటి పని వంటింట్లోకి ఉల్లిపాయ కోసం పరుగెత్తుట. ఉల్లిరసం అరికాళ్ళకు, చంకలకు రాస్తే వడదెబ్బ దిగునని చిన్ననాటి నుండి విన్న మాట. ఉల్లిని దంచి, రసం తీసి తెచ్చుటకు పది నిమిషాలు పట్టినది. ఆ పది నిమిషాలూ ఆమెకు గాలి విసరినవారు లేరు, తడిగుడ్డ వేసినవారు లేరు. పొరుగింటి అమ్మాయి వచ్చి బిందెడు నీళ్ళు చీరపైనే పోసి, ఫ్యానుకు ఎదురుగా పడుకోబెట్టినది. అప్పుడు గాని ఆమె తేరుకొనలేదు. తరువాత సెలైన్ పెట్టిన డాక్టరుగారు నన్నేమీ దూషించలేదు. ‘మాష్టారూ, చల్లబరచడం ముందు, మిగతావన్నీ తరువాత’ అన్నారు. అంతే.

ఇంటివైద్యమును గూర్చి వ్రాసే పత్రికలో ఈ మాట వ్రాయుటకు నేను సంకోచించుటలేదు. ఉల్లిరసంలోని దోషం అది విషమగుట కాదు, అమూల్యమైన కాలాన్ని హరించుట. ఉమ్మడి రాష్ట్రంలో 2003 మే నెలలోను, రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో తిరిగి 2015 మే నెలలోను వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా మరణించినారన్న సంగతి మరువరాదు. శరీరపు వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడుట, మనుషులను గుర్తించలేకపోవుట, మూర్ఛ కనిపించినచో అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీరు పోసి గాలి విసరుచు, 108కి ఫోను చేయవలెను. స్పృహ సరిగా లేనివారి నోట మజ్జిగ గాని, నీరు గాని పోయరాదు. స్పృహలో ఉండి, చెమటతో నీరసించినవారికి మాత్రమే ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, ఓఆర్‌ఎస్ నీరు కొద్దికొద్దిగా ఇవ్వవచ్చును.

ప్లాస్టిక్ ఇల్లు కాగుటకు కారణం

పారదర్శకమైన కప్పు గుండా ఎండ లోపలికి వచ్చి నేలను, కుండీలను కాచుననియు, ఆ వేడి తిరిగి కప్పు దాటి పోలేకపోవుననియు పాఠ్యపుస్తకాలలో చదివియుంటిమి. అది కొంతవరకే నిజం. 1909లో రాబర్ట్ విలియమ్స్ వుడ్ అనే అమెరికా భౌతికశాస్త్రవేత్త రెండు చిన్న పెట్టెలు చేసి, ఒకదానికి గాజు మూత, రెండవదానికి రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచినాడు. గాజు వేడికిరణాలను ఆపును, ఉప్పు పలక ఆపదు. అయినను రెండు పెట్టెలూ ఇంచుమించు ఒకే విధంగా, దాదాపు 65 డిగ్రీల వరకు కాగినవి. కనుక లోపలి గాలి బయటికి పోకుండా మూత బంధించుటయే ఆ వేడికి ప్రధాన హేతువని ఆయన తేల్చినాడు. చలిదేశాలవారికి వరమైన ఈ బంధనమే మన దేశంలో శాపమగుచున్నది. మంచు కురిసే చోట మొక్కను బ్రతికించుటకు పుట్టిన ఇంటిని మనము కృష్ణాతీరానికి తెచ్చి, తలుపు కూడ మూసి, లోపల కుండలతో నీరు గుమ్మరించుచున్నాము.

అయితే నీరు చల్లిన మొదటి రోజులలో మొక్కలు తేరుకొనుట, తరువాత కుళ్ళుట ఎందువలన? ఈ ప్రశ్నకు సమాధానం నాకు ఆయుర్వేద గ్రంథాలలోనే లభించినది.

జాంగలము, ఆనూపము

మన శాస్త్రకారులు భూమిని జాంగల, ఆనూప, సాధారణ దేశములని మూడుగా విభజించినారు. పొడిగాలి, తక్కువ నీరు, విరళమైన చెట్లు గలది జాంగలము. నీటి సమృద్ధి, చెమ్మగాలి గలది ఆనూపము. మంగళగిరి ఏ దేశమని ఎవరైనా అడిగితే, వేసవిలో అది రెండు దేశములూ అని చెప్పుదును. పడమటి నుండి వడగాలి వీచునాడు మా పెరడు జాంగలము. ఆ గాలి తిరిగి సముద్రం వైపు నుండి చెమ్మగాలి వచ్చి మబ్బు పట్టునాడు అదే పెరడు ఆనూపము. ఒక్కొక్కనాడు మధ్యాహ్నం జాంగలంగా ఉన్నది చీకటి పడేవేళకు ఆనూపమగును.

వాగ్భటాచార్యుని అష్టాంగహృదయంలో సూత్రస్థానం మూడవ అధ్యాయం ఋతుచర్యకు సంబంధించినది. అందు గ్రీష్మ ఋతువునకు నీటిధారలు గల ఇల్లు, చల్లని పరిమళజలంతో తడిపిన వస్త్రాల తెరలు, విసనకర్రలు చెప్పబడినవి. దీనిని చదివి ‘వేసవి అనిన నీరు చల్లుట’ అని నిశ్చయించుకొన్నవాడను నేను. అదే అధ్యాయంలో వర్షఋతువునకు వచ్చేసరికి ఆవిరి, నీటి తుంపరలు లేని ఎత్తైన చోట నివసించుమని ఆచార్యుడు విధించినాడు. ఒకే పుస్తకం, కొద్ది శ్లోకాల ఎడం. పొడిగాలిలో ఏ తుంపర ఔషధమో, చెమ్మగాలిలో అదే తుంపర అపథ్యము. నేను మొదటి భాగాన్ని మాత్రమే చదివి పుస్తకం మూసినాను.

దీనినే భౌతికశాస్త్రపు మాటలలో చెప్పుకొనవచ్చును. నీరు ఆవిరియగునప్పుడు చుట్టూ ఉన్న వేడిని గ్రహించును, అందువలన చల్లదనం కలుగును. గాలిలో ఇంకా చోటున్నప్పుడే నీరు ఆవిరియగును. వేడి 44 డిగ్రీలుండి గాలిలో తేమ 20 శాతమే ఉన్ననాడు తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం సుమారు 25 డిగ్రీల వరకు దిగును. అనగా నీటితో 19 డిగ్రీల దాకా లాభానికి అవకాశమున్నది. వేడి 36 డిగ్రీలే ఉండి తేమ 65 శాతముగా ఉన్న ఉక్కనాడు అదే తడి ఉష్ణమాపకం 30 డిగ్రీల వద్దనే నిలిచిపోవును. లాభం ఆరు డిగ్రీలకు మించదు. ఆ ఆరూ కూడ గాలి ధారాళంగా ఆడినప్పుడే. మూసిన ప్లాస్టిక్ ఇంటిలో గాలి తేమతో నిండిపోవుటచేత మొక్క తన ఆకుల ద్వారా నీటిని ఆవిరిగా వదలలేదు, మనిషి చెమట ఆరదు. మొక్కకు, మా శ్రీమతికి ఆనాడు కలిగినది ఒకే బాధ. ఇంటిలో ఎయిర్‌కూలరు పెట్టుకొన్నవారికి ఇది అనుభవమే కదా! వడగాలి వీచునాడు గది చల్లబడును, ఉక్కనాడు అదే కూలరు గదిని చెమ్మ చేసి ఊరుకొనును.

మా వీధిలోని నేతవారికి ఈ సంగతి నాకంటె ముందే తెలియును. పొడిగాలి వీచునాడు పడుగు నూలు తెగునని మగ్గపు గుంట చుట్టూ నీరు చిలకరించుకొందురు, ఉక్కనాడు ఆ జోలికి పోరు. ఎన్నడైనా వారిని అడిగియుంటే బాగుండెడిది.

ఈనాడు ఏ దేశమో తెలిసికొనుటకు ఖరీదైన యంత్రమక్కరలేదు. గోడకు తగిలించే ఉష్ణమాపకాలు రెండు, ఒకే రకమైనవి, కొనవలెను. ఒకదాని బుడ్డికి శుభ్రమైన పలుచని నూలుగుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసను చిన్న గిన్నెలోని నీటిలో ముంచి ఉంచవలెను. రెండింటినీ నీడలో ప్రక్కప్రక్కనే తగిలించి, అయిదు నిమిషాలు విసనకర్రతో విసరి, అంకెలు చూడవలెను. రెంటికీ తేడా 10 డిగ్రీలు, అంతకు మించి ఉన్ననాడు నీరు చల్లుట వలన మేలు కలదు. తేడా 6 డిగ్రీలకు తగ్గిననాడు గొట్టం ముట్టరాదు, గాలి మార్గాలు మాత్రమే తెరువవలెను. నడుమనున్న రోజులలో నేలను తడిపి ఆకులను వదలివేయుచున్నాను. ఇవి నా పెరటి అనుభవంలో కుదిరిన అంకెలు. గుడ్డ మురికిపట్టినచో లెక్క తప్పును గనుక వారానికొకసారి మార్చవలెను.

పొన్నూరు తోటలు నేర్పినది

ఆ వేసవిలోనే పొన్నూరు ప్రాంతం నుండి మా మేనమామ చూడవచ్చినాడు. తమలపాకు తోటల నడుమ పుట్టి పెరిగిన మనిషి. పెరటిలోని ప్లాస్టిక్ గుడారాన్ని చుట్టివచ్చి, ‘ఏమిరా అబ్బాయ్, మొక్కకు గొడుగు పట్టమంటే దుప్పటి కప్పినావేం?’ అన్నాడు. ‘తేమ పోకూడదని కప్పించాను మామయ్యా’ అన్నాను. ‘తేమ నేలలో ఉండాలి గాని గాలిలో కాదురా’ అని నవ్వినాడు.

గాజుగాని, ప్లాస్టిక్‌గాని ఎరుగని కాలంనుండి మన జిల్లాలోని తమలపాకు తోట ఒక గ్రీన్‌హౌసే. ముందుగా వరుసలు తీర్చి అవిశ గింజలు విత్తుదురు. అవిశ త్వరగా ఎదుగును, దాని చిన్న చిన్న ఆకులు ఎండను పూర్తిగా ఆపక జల్లెడ పట్టినట్లు దించును. అవి కొంత ఎదిగిన తరువాత మొదళ్ళ వద్ద తమలపాకు తీగ నాటి అవిశ కాండానికే ప్రాకించెదరు. వరుసల నడుమ కాలువలలో నీరు పారును. వడగాలి వచ్చే దిక్కున దట్టమైన దడి కట్టుదురు. పై కొమ్మలను అవసరాన్నిబట్టి నరికి వెలుతురు సరిచేయుదురు. నీడ పైన, తడి క్రింద, నడుమ గాలి! ఇంతకన్న శ్రేష్ఠమైన నమూనాను నేను ఏ పుస్తకంలోను చూడలేదు.

ఆ నమూనాపైననే ఇల్లు తిరిగి కట్టించాను. మొదట ప్లాస్టిక్ పట్టా పూర్తిగా తీసివేశాను. చట్రాన్ని 7 అడుగుల నుండి 11 అడుగులకు పెంచితిని. వేడిగాలి పైకి పోవును గనుక ఎత్తు ముఖ్యము. తల తగిలే కప్పు క్రింద మొక్కయు, మనిషియు సుఖపడరు. కప్పుపై 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చని నీడవల వేయించి, నడికప్పులో ఈ కొస నుండి ఆ కొసకు రెండడుగుల సందు వదలి, దానిపై అడుగు ఎత్తున వేరొక వలపట్టీ టోపీవలె అమర్చాము. ఆ సందు గుండా వేడిగాలి నిరంతరం వెడలిపోవును. 75 శాతం వల వేయుమని కొందరు చెప్పుదురు. దానిక్రింద మొక్కలు వెలుతురు చాలక సన్నగా సాగిపోవును. పురుగులు రాకుండునని దోమతెరవంటి సన్నని వలను ప్రక్కలకు బిగించుట కూడ మా పెరటిలో కుదరలేదు, అది పురుగుతోపాటు గాలిని కూడ ఆపుచున్నది. తూర్పు, ఉత్తరపు ప్రక్కలు పూర్తిగా విడిచిపెట్టాను.

పడమట మాత్రం మూడు అవిశ మొక్కలు నాటి, వాటి మధ్య దొండపాదు ప్రాకించాను. మధ్యాహ్నం మూడు గంటల ఏటవాలు ఎండను పై కప్పు ఆపలేదు, దానికి పడమటి తెరయే దిక్కు. అవిశ ఆకు, దొండకాయ రెండూ వంటకు పనికివచ్చుట అదనపు లాభం. తీగలు ఎదుగునంతవరకు ఆ ప్రక్కన వట్టివేళ్ళ తడిక వ్రేలాడదీసి, తడి, పొడి ఉష్ణమాపకాల తేడా చూచి, పొడిగాలి దినాలలో మాత్రమే దానిని తడిపితిని. తడిసిన వట్టివేళ్ళ గుండా వచ్చే వడగాలి చల్లబడి, పరిమళించుచు వచ్చును. వాగ్భటుడు చెప్పిన తడివస్త్రపు తెర ఇదియే కదా అనిపించినది.

నేలపై సిమెంటు ఉన్నచో అది పగలంతా వేడిని దాచి రాత్రి విడుచును. నేను పెకలించి ఇటుక ముక్కలు, ఇసుక పరిపించాను. ప్రక్కనున్న ప్రహరీగోడకు ఏటా ఫాల్గుణంలో సున్నం వేయించుచున్నాను. నల్లని ప్లాస్టిక్ కుండీలలో వేళ్ళు ఉడికిపోవును. మట్టికుండీ గోడల గుండా నీరు చెమర్చి చల్లబడును గనుక అదియే మేలు.

వీటన్నిటికన్న ముందు చేయదగిన పని ఒకటున్నది, దానికి పైసా ఖర్చులేదు. ఆ ఇంటిలో ఉండనక్కరలేని మొక్కలను బయటికి తెచ్చుట. తులసికి ఎండ కావలెను, నీడలో అది సాగిపోయి ఆకు పలుచబడును. కలబంద ఎండను ఓర్చుకొనును. తిప్పతీగ వేపచెట్టుపై ప్రాకి తన దారి తాను చూచుకొనును. నీడ నిజముగా కావలసినవి తమలపాకు, అల్లం, సరస్వతి ఆకు, పుదీనా, ఎండ తీవ్రమైన దినాలలో వామాకు. నా గ్రీన్‌హౌసులో 34 కుండీలుండెడివి, ఇప్పుడు 15 మాత్రమే ఉన్నవి. కుండీల మధ్య జానెడు ఎడముండుటచేత గాలి ఆడుచున్నది.

నీరు తెల్లవారుజామున మొదళ్ళకు మాత్రమే పోయవలెను. సాయంకాలం ఆకులు తడిసి రాత్రంతా ఆరకపోయినచో తెగులు సోకును. తమలపాకు మొదలుకుళ్ళును కలిగించే ఫైటాఫ్థొరా అనే సూక్ష్మజీవికి ఆరని తడియే పుట్టినిల్లు. చల్లదనం కోసమని పళ్ళెములలో నీరు నిలుపు పద్ధతి కొందరికి ఉన్నది. డెంగ్యూ దోమ అట్టి శుభ్రమైన నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టును. కనుక ఆ పళ్ళెములను ఒంపివేయుట మంచిది.

ఫలితమును గూర్చి ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. నీడవల క్రింద గాలి వేడి బయటి గాలికన్న చెప్పుకోదగినంత తక్కువేమీ కాదు. బయట 42 ఉంటే లోపలా ఇంచుమించు అంతే. అయితే ఆకును ముట్టి చూచినచో తేడా తెలియును. నేరుగా ఎండ తగులకపోవుటచేత ఆకు కాగదు, గాలి ఆడుటచేత అది తన తేమను విడిచి తనను తానే చల్లబరచుకొనును. మునుపటివలె బయట 38, లోపల 47 అను దుస్థితి తిరిగి రాలేదు. గత రోహిణిలో రెండు అల్లం కుండీలు పోయినవి. తమలపాకు తీగ నిలిచినది.

మనుషుల విషయంలో మా ఇంట ఒక కట్టడి పెట్టుకొన్నాము. చైత్రం నుండి మృగశిర కార్తె వరకు ఉదయం తొమ్మిది దాటిన తరువాత, సాయంత్రం అయిదున్నరకు ముందు ఎవ్వరూ ఆకు కోయుటకు లోపలికి వెళ్ళరాదు. కావలసిన ఆకు ఉదయమే కోసి తడిగుడ్డలో చుట్టి ఉంచుకొందుము. అరవై దాటినవారు, రక్తపోటుకు మూత్రం జారీచేయు మాత్రలు వాడువారు మరింత జాగ్రత్తగా ఉండవలెను, వారి శరీరంలోని నీరు త్వరగా తగ్గును. మా కొండపై పానకాల స్వామికి అర్పించే బెల్లపు పానకం వేసవికి తగిన పానీయమే. ఇంట చేసుకొన్నప్పుడు చిటికెడు ఉప్పు కూడ వేసికొన్నచో చెమటతో పోయిన లవణము తిరిగి చేరును. మధుమేహం ఉన్నవారు మాత్రం పానకం బదులు ఉప్పు మజ్జిగతో సరిపెట్టుకొనవలెను. మా శ్రీమతిది మజ్జిగ పక్షమే.

ఇక ఆ ప్లాస్టిక్ పట్టా. కొంతకాలం అటకపై ఉన్నది. మిరప పండించే బంధువొకరు మా ఇంటికి వచ్చినప్పుడు చూచి, కల్లంలో కాయలు ఆరబోసినప్పుడు అకాలపు వాన వస్తే కప్పుకొందునని తీసికొనిపోయినారు.